బెట్టకు విడిచిన చేను

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులు నాకు ఇప్పటికీ లొంగవు. ఎక్కడైనా తప్పు పోయి ఉంటే సర్దుకుని చదవండి. ఈ కాసిని కాగితాలు రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. గబగబా చదివేవాళ్ళకు ఇది ఒక పూట పని కూడా కాదు. కానీ నెమ్మదిగా చదవడం వల్లే నాకు ఒక సంగతి దొరికింది. అది చెప్పాలనే ఈ రాత.

నాకు చదువు చెప్పింది నా కోడలు సువార్త. ఆమె పుట్టిల్లు తాడిపత్రి. వాళ్ళ నాయన బండలకు పాలిష్ పట్టే పని చేస్తాడు. పెళ్ళైన కొత్తలో మా వంటింటికి నల్లబండలు పంపించాడు. వాటిలో ఒకటి దారిలో మూల విరిగింది. సువార్త దాన్ని పారెయ్యనివ్వకుండా గోడకు ఆనించి, సుద్దముక్కతో అ ఆ రాసి, "ఈడ కూర్చో అత్తా" అంది. నా కొడుకు ఓబిలేషు లారీ డ్రైవరు, వారానికి ఒకసారి ఇంటికి వచ్చేవాడు. మా ఆయన నాగప్ప పోయి అప్పటికే చాన్నాళ్ళు. మిగిలిన రోజులన్నీ ఆ ఇంట్లో మేమిద్దరం, ఆ బండ. రెండేళ్ళకు నేను చర్చిలో లేచి నిలబడి వాక్యం చదివే దాకా వచ్చాను. నేను ఒక వచనం ముగించేలోపు పిల్లలు రెండుసార్లు బయటికి పోయి వచ్చేవాళ్ళు. అయినా చదివేదాన్ని.

నేను చెప్పబోయేది మూడేళ్ళ కిందటి వానాకాలం. ఆ ఏడు ఉగాది అయిన వారానికి సువార్తకు ఆడబిడ్డ పుట్టింది. పదకొండు రోజులు బతికింది. పేరు పెట్టాలనుకున్న ఆదివారం రాకముందే పోయింది.

ఆ తర్వాత సువార్త పని చేసేది, తినేది, అడిగినదానికి జవాబు చెప్పేది. తనంతట తాను ఒక్క మాట మాట్లాడేది కాదు. నల్లబండను గోడవైపు తిప్పి పెట్టేసింది. జూన్‌లో ఒక వాన పడి, వేరుశనగ విత్తనం వేసి ఇంటికి వచ్చిన సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ చెప్పింది.

"శెనక్కాయ పెరికినాక నేను మా ఊరికి పోతా అత్తా. మళ్ళా రాను."

"ఓబిలేషుకు చెప్పినావా?"

"చెప్పినా. ఆయన లారీ యాడున్నా ఒకటే అన్న్యాడు. తాడిపత్రికి వస్తానన్న్యాడు. నాకు ఈ ఇంట్లో ఊపిరాడ్డం లేదు."

"మరి పంట దాకా ఎందుకు ఉండేది? ఇప్పుడే పో."

"నువ్వొక్కదానివే పెరకలేవు కదా."

అంటే నా చేతిలో ఉన్నది నాలుగు నెలల లోపు. ఆమె పోకుండా ఆపాలంటే ఏం చెప్పాలి? బిడ్డ ఎందుకు పోయిందో చెప్పగలిగితే ఆగుతుందేమో అనుకున్నాను. ఆ 'ఎందుకు'ను వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

మొదట మా పాస్టరు గంగాధర్ అయ్యగారిని అడిగాను. ఆయన మంచివాడు. బిడ్డను పూడ్చిన రోజు గుంత తవ్వడానికి గడ్డపార తానే పట్టుకున్నాడు. పరామర్శకు ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చుని, శ్రమలు మనిషిని గట్టిపరుస్తాయని, దేవుడు ఉద్దేశం లేకుండా ఏదీ చేయడని చెప్పాడు.

"ఏం ఉద్దేశం అయ్యగారూ?" అన్నాను.

"అది ముందర ముందర తెలుస్తాదమ్మా."

"ఎంత ముందర?"

సువార్త లేచి లోపలికి పోయింది. అయ్యగారు నన్ను చూశాడు. "నీకు చదువు వచ్చినాక ప్రశ్నలు ఎక్కువైనాయి సుంకమ్మా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ నా ప్రశ్న నాతోనే ఉంది.

మా చేను ఎకరంన్నర. దానికి ఎగువన గౌస్ పీరన్న చేను. ఆయన బోరులో నీళ్ళు సన్నగానైనా వస్తాయి. మా ఆయన ఉన్నప్పటి నుంచీ ఒక మాట ఉంది. వాన ఎగ్గొట్టిన ఏడు మా చేనుకు ఆయన రెండు తడులు, అంటే రెండుసార్లు నీళ్ళు, ఇస్తాడు. ఎప్పుడు ఇవ్వాలన్నది మాత్రం ఆయన ఇష్టం.

విత్తనం వేసి మూడు వారాలైంది. మళ్ళీ చినుకు లేదు. మధ్యాహ్నం పోయి చూస్తే మొక్కలు ఆకులు ముడుచుకుని, చేతులు కట్టుకుని నిలబడినట్టు ఉన్నాయి. నేను గట్టు ఎక్కి ఆయన దగ్గరికి పోయాను.

"అన్నా, ఒక తడి ఇయ్యి. చెట్లు సచ్చిపోతాండాయి."

"సావవు."

"ఆకు ముడుసుకున్యాది చూడు."

"నువ్వు మద్యాన్నం పూట ఎందుకు వస్తావు చేనుకాడికి? మద్యాన్నం ఎవరి మొగమైనా అట్లే ఉంటాది. నా మొగం చూడు." గౌస్ పీరన్న తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. "పూతకు ముందర శెనక్కాయకు నీళ్ళు ఆపి బెట్ట పెట్టల్ల సుంకమ్మా. పైన తడి దొరికితే వేరు పైనే తిరుగుతాది. దొరక్కపోతే కిందికి దిగుతాది. తర్వాత వాన నెల రోజులు రాకపోయినా తట్టుకుంటాది. నీ మొగునికి తెలుసు ఈ లెక్క."

"ఎంతవరకు పెట్టేది బెట్ట?"

"పొద్దున వచ్చి చూడల్ల. రాత్రి చల్లదనానికి ఆకు విచ్చుకుంటే బాగుండాది అని. పొద్దున గూడా ముడుసుకొనే ఉంటే, ఆ రోజే నీళ్ళు పెట్టల్ల. ఒక్క రోజు గూడా ఆగగూడదు."

నాకు అది కొత్తగా తోచింది. పుట్టినప్పటి నుంచి చేలలో పనిచేశాను. కలుపు తీశాను, కాయ వలిచాను. కానీ నీళ్ళు ఎప్పుడు ఆపాలన్నది మగవాళ్ళ మాటగా ఉండేది, ఎందుకని అడిగినదాన్ని కాదు. ఇంటికి వచ్చి సువార్తకు చెప్పాను. ఆమె విని, "ఊ" అంది.

ఆ వారమే గౌస్ పీరన్న కూతురు షహనాజ్‌కు ఒంట్లో బాగాలేదని చిలమత్తూరు నుంచి ఫోన్ వచ్చింది. ఆయన పోతూ పోతూ స్టార్టరు పెట్టె తాళం నా చేతికి ఇచ్చాడు. "నా టమోటాకు దినం మార్చి దినం ఒక గంట ఇడువు. నీ చేనుకు ఇడవొద్దు. మనసు కరిగిందా, పంట కరుగుతాది."

రెండు రోజులు మాట మీద ఉన్నాను. మూడో రోజు మధ్యాహ్నం సువార్తకు గంజి తీసుకుని చేనుకు పోయాను. ఆమె గట్టు మీద కూర్చుని ముడుచుకున్న ఆ మొక్కలనే చూస్తోంది. మొక్కలూ ఆమే ఒకే తీరుగా ఉన్నారు. ఆ ఏడు ఆ ఇంట్లో ఇంకొకటి వాడిపోవడం నేను చూడలేకపోయాను. పోయి మోటారు వేసి, పైపు మా చేనులోకి తిప్పాను. కింది సగం తడిసింది. పై సగానికి తిప్పేలోపు కరెంటు పోయింది. మట్టి వాసన వచ్చింది. సాయంత్రానికి కింది సగంలో ఆకులన్నీ విచ్చుకున్నాయి. ఇంత సులభమైన పనిని పెద్ద శాస్త్రంగా చెప్పాడే గౌస్ పీరన్న అనుకున్నాను.

నాలుగో రోజు ఆయన వచ్చాడు. గట్టు మీద నిలబడి మా చేను వైపు చూశాడు. కింది సగం ఒక రంగు, పై సగం ఒక రంగు.

"కరెంటాయన నీకంటే తెలివైనోడు. సగంలో ఆపినాడు" అన్నాడు.

"తప్పైంది అన్నా."

"రెండు తడుల్లో ఒకటి అయిపోయ. ఇంక ఒకటే ఉండాది." అంతే. తిట్టలేదు. తాళం తీసుకుని టమోటా చూడ్డానికి పోయాడు.

ఆగస్టు అంతా ఎండిపోయింది. మండలంలో ఎవరి నోట విన్నా అదే మాట. ఒక తడి ఉంది కాబట్టి గౌస్ పీరన్న దాన్ని, పూత రాలి కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే వేళకు ఇచ్చాడు. సెప్టెంబరు మొదట్లో ఒక రోజు ఆయనే నన్ను పిలిచి, కింది సగంలో ఒక చెట్టు పెరికి చేతిలో పెట్టాడు. ఆకు చూస్తే గుబురుగా, పచ్చగా ఉంది. కింద నాలుగు కాయలు. వేరు జానెడు కూడా లేదు. పై సగంలో ఇంకొకటి పెరికాడు. పొట్టిది, ఆకు పలుచన. వేరు తెగి సగం మట్టిలోనే ఉండిపోయింది. తెగినది కూడా నా మోచేతి దాకా ఉంది. కాయలు గుత్తిగా ఉన్నాయి.

నేను ఆ రెండు చెట్లనూ కొంగులో కట్టుకుని ఇంటికి వచ్చాను. నాకు దొరికిందనుకున్నాను. వెతికిన జవాబు నా చేనులోనే ఉంది. దేవుడు మమ్మల్ని బెట్టకు విడిచాడు, వేరు దిగడానికి. ఇంత స్పష్టంగా ఏ ప్రసంగంలోనూ వినలేదు.

ఆ శుక్రవారం ప్రార్థన కూడిక మా ఇంటి ముందరే. పదిహేను మంది దాకా చాపల మీద కూర్చున్నారు. సాక్ష్యం చెప్పే వంతు నేనే అడిగి తీసుకున్నాను. రెండు చెట్లనూ చేతుల్లో పట్టుకుని నిలబడి, నీళ్ళు పెట్టిన కథ దాచకుండా చెప్పాను. "నా బిడ్డ సువార్తను దేవుడు బెట్టకు పెట్టినాడు. ఆమె వేరు లోతుకు దిగుతాండాది" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. పక్కింటి గంగక్క కళ్ళు తుడుచుకుంది. అయ్యగారు తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

సువార్త టీ గ్లాసులు పెట్టిన పళ్ళెంతో వాకిట్లో నిలబడి ఉంది. గొంతు పెంచలేదు.

"అత్తా, గరుసు మీద చెట్లు సచ్చిపోయినాయి కదా. వాటికి ఏం నేర్పిద్దామని పెట్టినాడు బెట్ట?"

మా చేను పై కొసన గులకరాళ్ళ గరుసు నేల ఒకటుంది. లోతు లేదు, కింద బండ. అక్కడి మొక్కలు వేరు దించడానికి చోటే లేక జూలైలోనే ఎండిపోయాయి. నేను రోజూ వాటి పక్క నుంచే నడిచి పోయాను. సాక్ష్యంలో అవి నాకు గుర్తు రాలేదు.

సువార్త అందరికీ టీ ఇచ్చింది, నాకు కూడా. నా చేతుల్లో చెట్లు ఉన్నాయి కాబట్టి గ్లాసు నా కాళ్ళ దగ్గర పెట్టింది.

కూడిక అయ్యాక అయ్యగారి మోటారు సైకిలు దాకా పోయాను. "చెప్పండి అయ్యగారూ. ఆ గరుసు చెట్ల సంగతేంది?"

ఆయన బండికి పెట్టిన తాళం చెవి మళ్ళీ బయటికి తీశాడు. "తెల్దు సుంకమ్మా."

"మీకు తెల్దా?"

"తెల్దు. ఆదివారం పూట అంతమంది ముందర తెల్దు అనలేక ఏదో ఒకటి చెప్తాం. కొందరికి అది సరిపోతాది. నీ సాక్ష్యం గూడా అబద్దం కాదు. నీ వరకు నిజమే. కోడలి మీద పెట్టినావు చూడు, ఆడ బరువైంది."

అప్పటి నుంచి ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

మరునాడు గౌస్ పీరన్నతో చెప్పుకున్నాను. ఆయన నా దేవుని సంగతి తనకెందుకులే అన్నట్టు తల ఊపి, తర్వాత తన మాట చెప్పాడు. "బెట్టకు ఇడిసేది అంటే ఇడిసిపెట్టి పోయేది కాదు సుంకమ్మా. ఇడిసినోడు ఊరు దాటగూడదు. నేను దాటినా, అందుకే నీ చెయ్యి ఆడింది. నా తప్పు గూడా ఉండాది. ఆ గరుసు చెట్లను గూడా దినం పొద్దున చూస్తానే ఉంటి. ఆకు విచ్చుకోలేదు. ఉండే నీళ్ళు యాడికని పెడతా?"

దేవునికి నీళ్ళ కొరత లేదు కదా అన్న అనుమానం నాకు అప్పుడే వచ్చింది. అది ఇప్పటికీ ఉంది. కానీ ఆయన దినం పొద్దున పోయి, బతకవని తెలిసిన చెట్లను కూడా చూసి వచ్చాడన్న మాట నా మనసులో దిగబడిపోయింది.

ఆ రోజుల్లో నేను వాక్యంలో ఒక కథ చదువుతున్నాను. ఉన్నదంతా, కన్నబిడ్డలతో సహా, పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న ఒక మనిషి కథ. ఆయన్ను ఓదార్చడానికి ముగ్గురు స్నేహితులు వస్తారు. వచ్చి, ఆయన బాధ ఎంత పెద్దదో చూసి, ఏడు రోజులు ఒక్క మాట మాట్లాడకుండా ఆయన పక్కన నేల మీద కూర్చుంటారు. ఆ తర్వాత నోరు తెరిచి, ఇదంతా ఎందుకు జరిగిందో పేజీలు పేజీలు చెబుతారు. చదువు వచ్చినవాళ్ళు ఆ ఏడు రోజులను ఒక్క గుక్కలో దాటి, ఆ పేజీల్లోకి పోతారట. నాకు ఆ చిన్న ముక్క చదవడానికే దగ్గర దగ్గర వారం పట్టింది. వేలు పెట్టి, కూడబలుక్కుని, మళ్ళీ వెనక్కి పోయి. అంటే వాళ్ళు కూర్చున్నన్ని రోజులూ నేనూ అక్కడే ఉన్నాను. ఉంటే తెలిసింది. ఆ ముగ్గురూ చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరవడంతో చెడిపోయారు. నేను కూర్చోకుండానే నోరు తెరిచాను.

సువార్త సాయంత్రాలు గొర్రెలను తోలుకుని చేనుకు పోయి, ఆ గరుసు మీదే కూర్చునేది. నేనూ పోయి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. మొదటి రోజు ఆమె పక్కకు కూడా చూడలేదు. రెండో రోజు "కాపలాకు వచ్చినావా అత్తా?" అంది. ఊరికే అన్నాను. మూడో రోజు నాకు తుమ్ములు పట్టుకున్నాయి. ఆమె కొంగు నా ఒళ్ళోకి విసిరింది, అంతే. నాలుగో రోజు, "మాట్లాడకుండా ఉండేది నీకు బెట్టకంటే కష్టం" అంది. నేను నోరు మూసుకునే నవ్వాను.

ఐదో రోజు పింఛను పని మీద కంబదూరు పోయాను. అక్కడ వేలిముద్ర పడలేదు, వాళ్ళ మిషన్ పనిచేయలేదు, బస్సు తప్పింది. ఇంటికి వచ్చేసరికి పొద్దు పోయింది.

ఆరో రోజు సాయంత్రం నేను పోయి కూర్చోగానే సువార్త అంది: "నిన్న రాలేదేం?"

ఆరు నెలల్లో ఆమె నా కోసం చూసినట్టు అడిగిన మొదటి మాట అది. వేలిముద్ర సంగతి చెప్పాను. విన్నది. ఒక రాయి తీసి దూరం వేసింది.

"పాపకు ఎడమ చెవి కింద మచ్చ ఉండె. చూసినావా అత్తా?"

"చూసినా. ఆవగింజంత ఉండె."

"దేవుడు ఎందుకు తీసుకున్యాడో అందరూ చెప్పినారు నాకు. పాప ఎట్లుండెనో ఒక్కరూ అడగలే."

"ఎట్లుండె?" అన్నాను.

చెప్పింది. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో నిద్రపోయి, తిడతారేమో అన్నట్టు ఉలిక్కిపడి లేచి మళ్ళీ తాగేదట. కుడి పిడికిలి ఎప్పుడూ విప్పేది కాదట. ఒక్కసారి, తొమ్మిదో రోజు, విప్పిందట. పొద్దు గూకే దాకా చెప్పింది. గొర్రెలు ఎవరి చేనులో పడ్డాయో మేమిద్దరం చూడలేదు. గౌస్ పీరన్న తోలుకొచ్చి అప్పజెప్పాడు.

అక్టోబరులో కాయ పెరికాం. కింది సగం మేతకు పనికొచ్చింది. పై సగం మమ్మల్ని నిలబెట్టింది. గరుసు మీద పెరకడానికి ఏమీ లేదు. అయినా సువార్త అక్కడి దాకా నడిచి వచ్చింది. నేనూ నడిచాను.

ఆమె నాయన చిన్న లారీ తీసుకుని వస్తానన్న రోజు పొద్దున్నే లేచాను. అప్పటికి నాకు అలవాటైపోయింది, లేవగానే ముందు ఆమె ముఖం చూడడం, గౌస్ పీరన్న చేనును చూసినట్టు. ఆమె నాకంటే ముందే లేచి ఉంది. నల్లబండ గోడ వైపు లేదు. వాకిట్లో ఉంది, కడిగి ఉంది, దాని మీద సుద్దతో ఒక మాట ఉంది.

"చదువు అత్తా."

నేను వేలు పెట్టుకుని చదివాను. అ. తర్వాత ఒత్తు. నాకు లొంగని చోటే ఆగాను. ఆమె తొందర పెట్టలేదు.

"అక్సా" అన్నాను.

"పాప పేరు. కడుపులో ఉన్నప్పుడే అనుకుంటి. వాక్యంలో ఉండాది ఆ యమ్మ. నాయన ఎండు నేల ఇస్తే, సరే ఇచ్చినావు, నీటి ఊటలు గూడా ఇయ్యి అని ఎదురు నిలబడి అడిగిన కూతురు."

"ఇచ్చినాడా?"

"ఇచ్చినాడు. అడిగినందుకు కోప్పడలేదు."

లారీ వచ్చింది. వాళ్ళ నాయన పెట్టె ఎక్కించబోతే సువార్త అడ్డం పోయి, "ముందు బండ ఎక్కించు నాయనా, మూల ఇరిగింది, పైలం" అంది.

"బండ ఎందుకు నీకు? నీకు చదువు వచ్చు కదా" అన్నాను.

"నీకు ఇంకా సగమే కదా వచ్చింది. నీ పెట్టె యాడ?"

మళ్ళా రాను అని చెప్పిన మనిషి. మాట మీద నిలబడింది, ఆ ఇంటికి మళ్ళీ రాలేదు. కాయ ఎండబెట్టి, గొర్రెలు అప్పజెప్పి, పది రోజులకు నేనే తాడిపత్రికి పోయాను.

చేను ఇప్పుడు గౌస్ పీరన్నే చేస్తున్నాడు. ప్రతి ఏడూ జూలైలో ఫోన్ చేస్తాను. "బెట్టకు ఇడిసినావా అన్నా?" అంటాను. "ఇడిసినా. పొద్దున పోయి చూసొస్తి" అంటాడు. గరుసు మీద ఏమేసినావు అని కూడా అడుగుతాను. ఉలవలు వేశాడట పోయిన ఏడు. కొన్ని మొలిచాయట.

ఇవి ఎందుకు మొలిచాయో, ఆ ఏటివి ఎందుకు ఎండిపోయాయో నాకు తెలియదు. అడగడం మాత్రం మానలేదు. అడిగినందుకు ఇంతవరకు ఎవరూ కోప్పడలేదు.

సుంకమ్మ, నాగప్ప భార్య. వయసు అరవై మూడు. ఊరు కంబదూరు దగ్గర. ఇప్పుడు ఉండేది తాడిపత్రిలో, కోడలు సువార్త ఇంట్లో.